పదో జత చెప్పులు

నా చిన్నప్పుడు, గుంటూరు పక్క మా పల్లెలో, శుక్రవారం పొద్దుగూకేసరికి మా ఇంట్లో దీపాలు వెలిగేవి. మాది యూదుల కుటుంబం. తెలుగు మాట్లాడే యూదులున్నారంటే అదీ నా కోతల్లో ఒకటనుకుంటారు జనం. నేను చెప్పేవాటిలో నిజం బహుశా అదొక్కటే.

నానమ్మ పోయిన ఏడాది తాతయ్య ఆమె కోసం ప్రార్థన చదవాల్సి వచ్చింది. దానికి పదిమంది పెద్దవాళ్లు ఉండి తీరాలి. మనుషుల్ని వేలు పెట్టి లెక్కించకూడదని ఆయన వాకిట్లో చెప్పుల జతలు లెక్కపెట్టేవాడు. ఒక రోజు తొమ్మిదే ఉన్నాయి. నాకేమో ఆకలి. ప్రార్థన అయితేగాని అన్నం పెట్టరు. గొడ్ల చావిట్లో పడి ఉన్న పాత జత తెచ్చి వరసలో పెట్టేశాను.

తాతయ్య లెక్క చూసుకుని లోపలికొచ్చాడు. ఒక్కో ముఖమే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "చెప్పులొచ్చాయి సరే, మనిషేడిరా?" అన్నాడు మెల్లగా. తిట్టలేదు. ఆ పాత చెప్పులే తొడుక్కుని, మాట పట్టింపుతో మా గడప తొక్కడం మానేసిన మామయ్య ఇంటికి నడిచాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు, ఇద్దరూ కలిసి వచ్చారు. చెప్పు కరిచి తాతయ్య మడమ మీద రక్తం. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

ఇప్పుడు సౌదీలో, ఎర్ర సముద్రం ఒడ్డునున్న ఒక యూనివర్సిటీలో ఏసీ మెకానిక్‌ని. ఎవరూ అడక్కముందే, భయం కొద్దీ, మాది చర్చి కుటుంబమని క్యాంపంతా చెప్పుకున్నాను. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక బొంబాయి అమ్మాయి ల్యాబుల వెంట తిరిగి, యూదు విద్యార్థుల్ని ఒక్కొక్కరినే పోగుచేసి, శుక్రవారాలు తన క్వార్టర్లో భోజనం పెట్టేది. శుక్రవారం పొద్దుగూకితే వాళ్లకు విశ్రాంతి దినం మొదలు, స్విచ్చులు ముట్టుకోరు కనుక, ముందే ఏసీ చూసి వెళ్లమని నన్ను పిలిచేది. ఎందుకో ఆమె వివరిస్తుంటే, ఎన్నడూ విననట్టు కళ్లు పెద్దవి చేసి విన్నాను.

ఒక శుక్రవారం ఆమె ముఖం వాడిపోయి ఉంది. వాళ్లలో ఒక కుర్రాడి నాన్న నెల కిందట పోయాడట. "తొమ్మిదిమందిమే తేలుతున్నాం భయ్యా. ప్రతి వారం వాడు ప్రార్థన చదవకుండానే లేచిపోతున్నాడు," అంది. ఆ ప్రతి వారమూ నేను అదే గదిలో, నిచ్చెన మీదే ఉన్నాను.

పని ముగించి బయటికొచ్చాను. గుమ్మం ముందు వాళ్ల చెప్పులు. పనివాణ్ణి కదా, ఎప్పుడూ బూట్లతోనే వెళ్లి వచ్చేవాణ్ణి. ఆ రోజు విప్పి వరసలో పెట్టి, మళ్లీ లోపలికెళ్లాను.

"ఏం భయ్యా, ఏమైనా మర్చిపోయావా?"

"మా తాతయ్య నేర్పిన ప్రార్థన ఒకటుంది. దానికీ పదిమంది కావాలి," అన్నాను.

కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే చెప్పడానికి ఒక కథ వెతుక్కున్నాను. దొరకలేదు. అతను అడగనూ లేదు. ఏ గుమ్మం ముందు చెప్పులు కనబడినా, "మనిషేడిరా?" అని ఇప్పటికీ అడిగేది తాతయ్యే.