రోంత పక్కకు జరుగప్పా

మా మేనత్తది కోయిలకుంట్ల. కర్నూలులో కాన్వాసు గుడ్డ మీద ఫోటోలు అచ్చు వేయించుకొచ్చి, ఇంట్లోనే చెక్క ఫ్రేములకు బిగించేది. గుడ్డ అంచులను ఫ్రేము పక్కలకు మడిచి, వెనక స్టాప్లర్ పిన్నులు కొట్టాల. ఆ మడతలో ఫోటో చివర నిలబడినవాళ్లు ఫ్రేము పక్కకు పోతారు, పక్కకు పోయి చూస్తే తప్ప కనబడరు. వాళ్లను మడిచే ముందు అత్త మెల్లగా చెప్పేది: "రోంత పక్కకు జరుగప్పా." పెండ్లి ఫోటోల్లో చివరన నిలబడే చిన్నాయనలందరికీ ఆ మర్యాద దక్కింది. నాకు నవ్వొచ్చేది.

ఒకసారి మా జేజినాయన ఫోటో బిగిస్తా ఉన్నింది. నడుమ కుర్చీలో ఆయనొక్కడే, చుట్టూ ఉత్త సున్నం గోడ. అయినా కుడి అంచు మడుస్తూ అదే మాట అనింది.

"ఆడ ఎవరూ లేరు గదత్తా!"

అత్త తల ఎత్తలేదు. "లేనోళ్లకు నేనెందుకు చెప్తానురా?"

పోయినేడు అత్త చనిపోయినాక ఆమె ఫోటో నేనే బిగించినాను. చర్చి ముందర ఒక్కతే నిలబడి ఉండాది, పక్కనంతా ఖాళీ. మూడు అంచులూ సులువుగా మడత పడినాయి. కుడి అంచు మాత్రం ఎంత లాగినా రాలేదు, అవతల ఎవరో పట్టుకున్నట్టు. పిన్నులన్నీ పీకి మళ్లీ కొట్టినా అంతే. ఇంట్లో ఎవరూ వినడంలేదని చూసుకుని, సిగ్గుపడతానే అన్నాను: "రోంత పక్కకు జరుగప్పా."

చేతిలో గుడ్డ మెత్తగా వదులైంది.

ఆ ఫోటో మా వసారాలో ఉండాది. ఎదురుగా నిలబడే చూస్తాను. కుడిపక్కకు పోయి ఆ మడత ఇంతవరకు చూడలేదు.