కాఫీలో కడిగిన రీలు

పక్కింటి పెద్దాయన కోవిడ్‌తో పోయిన వారానికి ఆయన భార్య రెండిళ్ల మధ్య గోడ దగ్గరికొచ్చి, "ఆ మధ్య మా తోటలో ఆయన్ని ఫోటో తీశావు కదా, అది కావాలి" అంది. ఇక్కడి వాళ్లకూ మన మాసికంలాగా నెల తిరిగేసరికి ఒక ప్రార్థన ఉంటుంది. చర్చి మూసేశారు కనుక దాన్ని ఫోన్‌లోనే చూడాలి. పక్కన కొవ్వొత్తీ, ఫోటో పెట్టుకుంటుందట. తప్పకుండా ఇస్తానన్నాను.

అనేశాక గుర్తొచ్చింది. ఆ ఫోటో ఉన్న ఫిల్ము రీలు ఇంకా కడగనేలేదు. మేముండే బ్లాంచర్డ్స్‌టౌన్‌లోనే కాదు, నాకు తెలిసిన ఫోటో ల్యాబులన్నీ లాక్‌డౌన్‌లో మూతపడ్డాయి. బొమ్మను తేల్చే డెవలపర్ పాడైపోయింది, దాన్ని నిలబెట్టే ఫిక్సర్ మాత్రం ఒక సీసా మిగిలింది. ఆర్డరు పెడితే ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ఇన్‌స్టంట్ కాఫీ, బట్టల సోడా, విటమిన్ సి పొడి కలిపితే డెవలపర్‌లా పనిచేస్తుందని ఎక్కడో చదివాను. ఆ ముసలావిడకు మాటిచ్చాను, చేసి తీరాల్సిందే.

ముందు వంటింటిని ఇంకో రీలులో తీసి, ముక్కలు కోసి ప్రయోగం మొదలుపెట్టాను. కాఫీ దగ్గర నాకు పొగరెక్కువ. ఇండియన్ షాపులో దొరికే మన కాఫీ తప్ప మిగతాది కాఫీయే కాదంటాను. అదే కలిపాను. మొదటి ముక్క మీద ఏమీ లేదు. రెండోదాని మీద ఏదో మసక. సోడా పెంచాను, టైము పెంచాను, ఆఫీసు మీటింగులో వీడియో ఆపేసి ఫిల్ము కడిగే డబ్బా తిప్పుతూ కూర్చున్నాను. నాలుగో ముక్కా అంతే.

"ఉన్న కాఫీ అంతా సింకులో పోశారు. ఇందులో చికోరీ కలిపారని డబ్బా మీదే ఉందండీ, చూశారా?" అంది మా ఆవిడ.

చూడలేదు. బొమ్మను తేల్చాల్సింది కాఫీ, నేను పోస్తున్నది సగం చికోరీ. నా మీద నాకే ఒళ్లు మండింది. వెంటనే సూపర్‌మార్కెట్‌కి వెళ్లి, ఎవరింట్లోనైనా ఇస్తే మొహం చిట్లించే చవక కాఫీ డబ్బా తెచ్చాను. అయిదో ముక్క మీద మా వంటిల్లు కుక్కర్ విజిల్‌తో సహా కనబడింది.

అప్పుడు అసలు రీలు తీశాను. మెట్ల కింద ప్రెస్‌లో, అంటే ఇక్కడి మాటలో అలమరాలో, దూరి, తలుపు సందులో తువ్వాలు కుక్కి, చీకట్లో తడుముకుంటూ డబ్బాలోకి చుట్టాను. ఇది పోతే ఆయన మళ్లీ దొరకడు. కాఫీ, ఫిక్సర్ అయ్యాక మూత తీస్తే పార పట్టుకుని నవ్వుతూ ఉన్నాడు. అక్కడే చతికిలబడి ఏడ్చాను.

ప్రింటు దాకా ఆగలేక, ఆరగానే ఆ ముక్క కోసి రెండిళ్ల మధ్య గోడ మీద పెట్టాను. ఆవిడ దాన్ని ఆకాశానికేసి పట్టుకుని చూసింది.

"ఇది నెగటివ్ అండీ, తెల్లజుట్టు నల్లగా కనబడుతుంది. ప్రింటులో సరిగ్గా వస్తుంది" అన్నాను.

"నన్ను డాన్సుకు పిలిచిన రోజు ఇలాగే ఉండేది ఆయన జుట్టు" అంది, కళ్లు దించకుండానే.

ఆ నెగటివ్‌ని ఒక పూట అడిగి తీసుకుని, ఇంట్లోనే స్కాన్ చేసి ప్రింటు కూడా ఇచ్చాను. ప్రార్థన రోజున అది కొవ్వొత్తి పక్కన ఉంది. నెగటివ్‌ని మాత్రం ఆవిడ తన పడకగది కిటికీ అద్దానికి అంటించుకుంది.