కవరులో దాచిన చెప్పులు

"ఆ చెప్పులు ఎవరి పెళ్ళికి దాచావక్కా?"

"కొత్తయి. అరిగిపోతాయని ఎత్తిపెట్టుకున్నా. నీకెందుకే?"

"అరగాల్సింది చెప్పులు, నీ కాలు కాదు. ఇటు రా, ఈ నేల చూడు. పొయ్యి కాడ్నించి గడప దాకా మరకలే."

"టమాటా రసం కారింది."

"టమాటా రసం అడుగులేసుకుంటా నడిచిద్దా? నేనేమన్నా పసిపిల్లనా? కాలు చూపీ."

"చూపను. తప్పుకో."

నాతో ఇలా పోట్లాడుతున్నది నా తోడికోడలు, మా మరిది భార్య. కారంపూడిలో మాది ఒకే ఇల్లు. మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేసుకున్నాం. మా ఆయన పోయాక ఒక వాటాలో నేను ఒక్కదాన్నే, మరిది పోయాక రెండో వాటాలో ఆమె ఒక్కతే. నా కొడుకు మిరపకాయల లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. కోడలు, మనవరాలు దాని చదువు కోసం నరసరావుపేటలో ఉంటారు. ఆ గోడ కట్టేటప్పుడు మేమిద్దరం ఎన్ని మాటలనుకున్నామో ఇప్పుడు రాయను. కానీ ఆ గోడ సంగతే మళ్ళీ నా నోటికి వచ్చింది కాబట్టి, అసలు జరిగింది మొదటినించీ చెప్పాలి.

నా అరికాలికి స్పర్శ పోయిందని నాకు మిరప కల్లంలోనే తెలియాల్సింది. ఎండబోసిన కాయల మీదికి మేము చెప్పులతో పోము. పంట మీద చెప్పు పెట్టకూడదు. అంచున విడిచి, వట్టి కాళ్ళతోనే కాయలు తిరగదోస్తాం. పొద్దెక్కేసరికి ఆడవాళ్ళంతా కాళ్ళు మండిపోతున్నాయని నీళ్ళ తొట్టి దగ్గరికి పరుగులు పెట్టేవాళ్ళు. నేను కదిలేదాన్ని కాదు.

"పెద్దమ్మవి ఇనప కాళ్ళు," అనేవాళ్ళు.

"మీరంతా తిని కూర్చుంటే మెత్తబడ్డారు," అనేదాన్ని నేను. షుగరు ఉందని తెలుసు, బిళ్ళ మింగుతున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ గర్వంలోనే బొటనవేలి కింద కంపముల్లు విరిగింది. నాకు తెలియలేదు. పుండు పడి చీము పట్టింది. ఆ వాసన ముందుగా పసిగట్టింది నేను కాదు, నా తోడికోడలు.

మా ఆయనకూ ఇట్లాగే అయింది. అప్పట్లో మేము పసుపు అద్ది, వేడినీళ్ళ కాపడం పెట్టాం. ఆ వేడి ఆయనకూ తెలియలేదు, చర్మం ఊడివచ్చింది. ముందు వేలు తీశారు, తరువాత మోకాలి కిందికి తీశారు. ఆ తరువాత ఆయన ఎంతోకాలం లేడు. అందుకే పుండు మాట వినగానే నేను నోరు మూసుకుని, ఆమె వెంట నరసరావుపేట బస్సెక్కాను.

కాళ్ళు మాత్రమే చూసే డాక్టరు ఉంటాడని నాకు అప్పటిదాకా తెలియదు. కళ్ళు మూసుకోమని, గాలానికి కట్టే తీగలాంటి సన్నటి నైలాన్ తీగతో నా అరికాలు అక్కడక్కడా పొడిచాడు. తగిలినప్పుడల్లా 'ఆఁ' అనమన్నాడు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదేమోనని కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆయన తీగ పక్కన పెట్టేశాడు. నా తోడికోడలు చెంగుతో మొహం తుడుచుకుంటోంది.

వేలు తీస్తారనుకున్నాను. తీయలేదు. చచ్చిన తోలు కోసేసి, శుభ్రం చేసి, కట్టు కట్టి, మందులిచ్చాడు. కాళ్ళకు రక్తం బాగానే పారుతోందని ఏదో యంత్రం పెట్టి ఆ చప్పుడు నాకే వినిపించాడు. గాజు పలక మీద నిలబెట్టి, బరువు ఎక్కడ పడుతోందో చూసి, నా కాలి కొలతకే చెప్పులు చేయించాడు. లోపల దూదిలా మెత్తగా ఉంటాయి, వెనక పట్టీ ఉంటుంది. చూస్తే మగవాళ్ళ చెప్పుల్లా ఉన్నాయి.

"ఇంట్లో కూడా వేసుకోవాలమ్మా. మంచం దిగితే చెప్పుల్లోకే దిగాలి," అన్నాడు. "రోజూ ఎవరో ఒకరు అరికాలు చూడాలి. మీకు నొప్పి తెలియదు, కంటితో చూస్తేనే తెలుస్తుంది. ఇంట్లో ఎవరున్నారు?"

నేను నోరు తెరవకముందే ఆమె అంది, "నేనున్నానండీ."

అప్పటినించీ రోజూ పొద్దున్నే ఆమె నా వాటాకి వచ్చేది. నేను గడప మెట్టు మీద కూర్చుని కాలు చాపితే కింద కూర్చుని ఒళ్ళో పెట్టుకునేది. వేళ్ళ సందులు తుడిచి, ఎండకి తిప్పి చూసేది. "ఇయ్యాల బాగుందక్కా," అనేది. మా ఆయన పోయాక ఇంకో మనిషి చెయ్యి నా ఒంటి మీద పడింది అప్పుడే. ఆమె వేళ్ళు అరికాలి మీద తిరుగుతుంటే నాకేమీ తెలిసేది కాదు. అందుకని ఆ చేతినే చూస్తూ కూర్చునేదాన్ని. పుండు మానిపోయాక కూడా ఆమె రావడం మానలేదు.

చెప్పులు మాత్రం నేను ఇంట్లో వేసుకోలేదు. నా వంటింట్లోనే దేవుడి అలమర ఉంది. అక్కడికి చెప్పులతో ఎట్లా పోను? పైగా అంత ఖరీదు పెట్టి చేయించినవి నాపరాళ్ళ మీద ఈడ్చి అరగదీయడానికి నాకు మనసొప్పలేదు. తుడిచి, కవరులో చుట్టి, బీరువా మీద పెట్టాను. పేటలో డాక్టరుకి చూపించుకునే రోజున తీసి వేసుకునేదాన్ని. అడుగు భాగం ఏమీ అరగలేదని నేను లోపల్లోపల సంతోషించాను.

మానిన చోటే మళ్ళీ పగిలింది. కట్టుకున్న చీర అంచుకి తడి తగిలితే చూసుకున్నాను. చెబితే చెప్పులేవని అడుగుతుందని చెప్పలేదు. తలంటుకున్నానని ఒక పొద్దున, కోమటి కొట్టుకి పోవాలని ఇంకో పొద్దున కాలు చూపకుండా దాటేశాను. చివరికి పచ్చడి గిన్నె ఇవ్వడానికి వచ్చి, ఆమె నేల మీద మరకలు చూసింది. తలెత్తి బీరువా మీద కవరూ చూసింది.

"బావగారికేమయిందో మర్చిపోయావా?" అంది. "అప్పుడంటే మనకి తెలవదు. ఇప్పుడు అన్నీ తెలిసి కూడా వేలు పోగొట్టుకుంటావా? పట్టు, ఇయ్యి తొడుక్కో. నా ముందే వంటింట్లోకి నడువు."

"దేవుడి ముందుకి చెప్పులేసుకుని పోమంటావా? సిగ్గు లేదటే?"

"ఆ దేవుడు చూసుకుంటాళ్ళే. కాలియ్యి ఇటు."

ఆమె వంగి నా మడమ పట్టుకుంది. నేను లాక్కున్నాను. అప్పుడు నా నోటినించి వచ్చింది ఆ మాట.

"కాలు పడితే వాటా రాసిస్తాననుకున్నావా ఏందే? ఆ గోడ ఆడే ఉంటది."

 ఆమె చెప్పులు రెండూ నా పక్కన జతగా పెట్టింది. పచ్చడి గిన్నె తీసుకుపోలేదు.

"రేపట్నించీ నీ కాలు నువ్వే చూసుకో," అని గడప దాటింది.

మర్నాడు పొద్దున నేను మెట్టు మీద కూర్చుని కాలు చాపుకున్నాను. ఆమె తన వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేసి లోపలికి పోయింది. ఎండ మెట్టు ఎక్కిందాకా చూశాను. తరువాత గోడకున్న అద్దం దింపి నేల మీద పెట్టి, దాని మీదికి కాలెత్తాను. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత ఎర్రగా ఉంది. గుడ్డ చుట్టుకున్నాను. చెప్పులు తొడుక్కున్నాను. వాటితోనే వంటింట్లోకి పోయి, అలమర వైపు చూడకుండా పాలు కాచుకున్నాను. పచ్చడి గిన్నె కడిగి ఆమె గడప మీద పెట్టి, బస్టాండుకి పోయాను.

డాక్టరు చెప్పులు తిప్పి, అరగని అడుగు చూశాడు.  పుండు ఎముకదాకా పోలేదన్నాడు. దాని మీద బరువు పడకుండా మోకాలి కింది నించి కాలంతా కట్టేస్తామని, అది మనం విప్పుకోడానికి కుదరదని, వారానికోసారి వచ్చి మార్పించుకోవాలని చెప్పాడు. నర్సు పిండికట్టు తడిపి చుట్టడం మొదలుపెట్టింది.

"తోడు ఎవరొచ్చారమ్మా?" అని అడిగింది.

ఎవరూ రాలేదని చెప్పాను.