ఓడలు గీసిన నేలకు గోదాము బోర్డు

మొన్న బాన్సువాడ బస్టాండు ఎదుటి హోటల్లో చాయ్ తాగుతూ ఫోను తెరిచానా, మా అన్న బిడ్డ పంపిన ఫొటోలు చూసేసరికి చాయ్ సగం ముక్కులోకి పోయింది. స్నేహితురాలి పెళ్లికని పడమటి సముద్రం ఒడ్డున ఉన్న మహానగరానికి పోయిన పిల్ల, పెళ్లి జరిగిన హాలు చాలా బాగుందని మురిసిపోయి, గుమ్మం దగ్గరి బోర్డు పక్కన ఒకటి, లోపల పై అంతస్తు కిటికీ పక్కన ఒకటి దిగి పంపింది. పిల్ల బాగుంది, చీర బాగుంది, హాలు మాత్రం నాకు తెలిసిన హాలు. ఇరవై రెండేళ్ల వయసులో నావికాదళం వారి పాత డాక్‌యార్డులో నేను కొలువు చేసిన భవనమే అది. ఊరి పేరు రాయను, రాస్తే ఆ హాలువాళ్లకు ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది. డాక్‌యార్డు పని అక్కణ్నుంచి ఎప్పుడో తరలిపోయి, ఇప్పుడు దాన్ని పెళ్లిళ్లకు కిరాయికి ఇస్తున్నారట. అదైనా మింగేవాణ్ణి. కానీ బోర్డు మీద బంగారు అక్షరాలతో "పాతకాలపు సామాన్ల గోదాము" అని రాశారు. గోదామట!

మన వయసు వాళ్లకు చెబితేనే నా మంట అర్థమవుతుంది. తెల్లదొరల కాలంలో కట్టిన ఆ భవనం గోడల మందం ఎంతంటే, కిటికీ గూట్లో మంచం వేసుకుని ఒకడు పడుకుంటే, వాడి పక్కన ఇంకొకడు కూర్చుని భోంచేయవచ్చు. కింది అంతస్తులో లావాటి పోత ఇనుప స్తంభాలు ఉండేవి. అవి లోపల బోలు. కప్పు మీద పడ్డ వాననీరంతా గోడ గొట్టాల్లో దిగి వాటి కడుపులోంచే భూమిలోకి పోయేది, అందుకని ఆషాఢం మొదలుకొని ఆ స్తంభాలు అజీర్తి చేసిన జమీందార్లలాగా గుడగుడలాడుతూ ఉండేవి. పై అంతస్తులో మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అడ్డంగా ఒక్క స్తంభం లేదు. కప్పునంతా ఇనుప దూలాలు గోడ నుంచి గోడకు ఎత్తి పట్టుకునేవి. ఆ చివర ఎవడైనా తుమ్మితే, వాడు ముక్కు తుడుచుకుని జేబురుమాలు మడతపెట్టుకున్న తరువాత గానీ ఈ చివర మాకు వినపడేది కాదు. కప్పుకు ఉత్తరం దిక్కున మాత్రమే అద్దాలు పెట్టారు, ఎండ నేరుగా పడక, పగలంతా నీడలేని వెలుతురు ఉండాలని. బియ్యం బస్తాలకు నీడలేని వెలుతురు ఎందుకయ్యా? ఆ బోర్డు రాసినవాడు ఒక్కసారి తల పైకెత్తి ఉంటే ఈ ప్రశ్న వాడికే తట్టేది.

అది ఓడలు గీసే గది. కాగితం మీద జానెడు బొమ్మగా ఉన్న ఓడను, నల్లరంగు వేసిన ఆ చెక్క నేల మీద అసలు కొలతలకు, సుద్దతో గీసేవాళ్లు. కింద రేకులు కోసేవాళ్లకు ఆ గీతలే ప్రమాణం. గీసేవాళ్లలో మొదటివాడు మా మేనమామ. వరి, చెరకు తప్ప మరొకటి ఎరగని మా ఇళ్లలోంచి సముద్రం దాకా మొదట పోయిన మనిషి ఆయనే. సన్నని టేకు బద్దను మేకుల మధ్య వంచి, మోకాళ్ల మీద పాకుతూ, ఓడ కడుపును ఒక్క గీతలో తీసుకుపోతుంటే, ఆ మెలికలేని వంపు చూసి బయట సముద్రానికే సిగ్గు వేసి వెనక్కి తగ్గేదని మేము అనుకునేవాళ్లం.

ఆ కొలువులో మా మామే నన్ను పెట్టించాడు, ఆయన పరువును నేనే తీశాను. దసరాకు పనిముట్ల పూజ చేస్తారన్నారు. మా ఇంట్లో పూజంటే ముందు నేల కడగాలి, నాకు తెలిసిన శాస్త్రం అదే. అందరికంటే ముందే వచ్చి, పదకొండు బిందెల నీళ్లు కుమ్మరించి, కొబ్బరి పీచుతో ఒళ్లు వంచి తోమి, ఆ నల్లటి నేలను అద్దంలా చేసి, పసుపు కుంకుమలు పెట్టి నిలబడ్డాను. మూడు వారాలుగా ఆరుగురు మనుషులు గీసిన ఓడ ముక్కు నుంచి తోక దాకా మోరీలోకి పోయింది. ఇంగ్లీషువాళ్ల పేరుమోసిన ఫిరంగులు కూడా ఒక్క రోజులో అంత నౌకను ముంచి ఉండవు.

మామ అరిస్తే బాగుండేది. ఆయన ఊరికే ఆ పసుపు బొట్లను చూసి, "పూజ మంచిగ చేసినవ్ బిడ్డా, ఓడ సల్లగ పోయింది" అన్నాడు. తరువాత మిగతావాళ్లను కూర్చోబెట్టుకుని, తొమ్మిది రోజులు రాత్రింబవళ్లు మళ్లీ గీశాడు. గీసి, సుద్ద మీద ఆగకుండా, ప్రతి ముఖ్యమైన గీతనూ కత్తి మొనతో చెక్కలోకి దింపాడు. ఇటువంటి శుభ్రమైన మనిషి ఇంకొకడు కొలువులోకి రాకపోతాడా అని ఆయన భయం. అప్పటి నుంచి ఆ నేల మీద పెద్ద ఓడలన్నీ కత్తి గీతలే.

ఇప్పుడీ ఫొటో. హోటల్లో నా పక్కన కూర్చున్న మా మేనత్త కొడుకు, నోట్లో బిస్కెట్టుతోనే బోర్డు చదివి, "ఏంది బావా, మీ మామ ముప్పై ఏండ్లు ఓడలు గీసిండంటివి? గీడ గోదాము అని ఉన్నది గదా. సంచులు మోసిండా ఏంది?" అన్నాడు. నవ్విన వాళ్లలో బిచ్కుంద నుంచి వచ్చిన తెలియని పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఆయన నవ్వడం నాకు ఎక్కువ మండింది. సాయంత్రానికి ఈ మాట పక్కనున్న వర్ని దాకా పోతుంది. ఎనభైకి దగ్గరపడ్డ మా మామ ఒక జీవితమంతా గీసింది, ఒక్క బోర్డుతో గోనెసంచుల పాలవుతుంది.

ఆయనకు చూపించకూడదనుకున్నాను గానీ, ఇంటికి పోయి అన్నానికి కూర్చోగానే నా మొహం చూసే ఆయన ఫోను లాక్కున్నాడు. బోర్డున్న ఫొటోను చదవనైనా చదవకుండా పక్కకు తోసి, కిటికీ ఫొటోను పెద్దది చేసి, కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు చూశాడు.

"గీ కిటికీ కింది అంచు సూడురా. గప్పుడు నా నడుము దాక ఉండె. గిప్పుడు గీ పిల్ల మోకాలు మీదికి దిగింది."

"అయితే ఏంది మామా?"

"అయితే నేల తియ్యలే. మీద సిమెంటు పోసి టైల్సు ఏసిండ్రు, అంతే. గీతలు కిందనే ఉన్నయి. ఫికర్ జెయ్యకు, అన్నం తిను."

ఆయన తిన్నాడు. నేను తినలేదు. కూర్చుని ఆ హాలువాళ్లకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మామ దాన్ని విని, మూడున్నర పేజీల తిట్లు కొట్టేయించి, "ఇక్కడ ఓడలు గీసేవారు" అని రాసి పెట్టమని అడగడం మటుకు ఉంచాడు. తన పేరు కూడా తీసేయించాడు.

జవాబు వారంలోనే వచ్చింది, మర్యాదగా. భవనం గురించి మీకున్న ఆసక్తికి సంతోషమట. బోర్డు మార్చాలంటే మాత్రం, అక్కడ ఓడలు గీసేవారనడానికి తగిన కాగితపు ఆధారం జతచేయాలట. గోదాము అని రాసేటప్పుడు వీళ్లను ఎవరు అడిగారో ఆధారం! సాక్ష్యాన్ని సిమెంటుతో కప్పిపెట్టి, సాక్ష్యం తెమ్మని మమ్మల్ని అడుగుతున్నారు. నేను ఇంటికప్పు లేచిపోయేలా అరుస్తుంటే, మామ ఒక్కటే అన్నాడు. "ఒక్క టైలు లేపి సూడుమని రాయి." రాశాను. దానికి జవాబు రాలేదు.

రాదు కూడా. మా రోజుల్లో ఒక గీత మీద అనుమానం వస్తే, ఎంత పెద్ద అధికారి అయినా టోపీ తీసి పక్కన పెట్టి, ఇస్త్రీ బట్టలతోనే మోకాళ్ల మీద కూర్చుని, చెంపను నేలకు ఆనించి, ఒక కన్ను మూసి ఆ వంపు వెంట చివరిదాకా చూసేవాడు. లేచేటప్పటికి చెంపకు సుద్ద అంటుకుని ఉండేది. దాన్ని తుడుచుకోకుండానే, మా మామలాంటి వాడి గీత సరైనదని ఒప్పుకుని పోయేవాడు. ఇప్పుడు ఆ నేల అక్కడే ఉంది, గీతలూ ఉన్నాయి. వంగి చూసేవాడే కరువయ్యాడు.