గుండీ తప్పిన ప్రొఫెసర్ గారు

మా ప్రొఫెసర్ గారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న నేను దుకాణం షట్టర్ ఎత్తుతుండగా ఆయన మేనల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. అప్పటికి నా చొక్కా జేబులో మా అమ్మాయి ఉద్యోగం కాగితం ఉంది. పాతపట్నంలో లెక్కల లెక్చరర్‌గా చేరమని ముందురోజు సాయంత్రమే వచ్చింది. ఎనిమిదో తరగతితో చదువాపేసిన దర్జీవాడి కూతురు లెక్చరర్ అయింది. ఇంత సంతోషం నా జన్మలో ఎరగను. అందరికంటే ముందు ఎవరికి చెప్పాలనుకున్నానో ఆయనే లేరు.

సాయంత్రం సీరియల్లో మతిమరుపు ప్రొఫెసర్‌ను మీరూ చూసే ఉంటారు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు, కోటు గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకుంటాడు. ఆ వేషం ఈయనదే. షూటింగు లేని రోజుల్లో విజయనగరంలో మా వీధిలోనే ఉండేవారు. ఆ వేషానికి కోటు కుట్టించుకోవడానికి మొదటిసారి నా దుకాణానికి వచ్చినప్పుడు కూడా చొక్కా అలాగే ఉంది. గుండీలు తప్పాయని చెప్పాను.

“తెలుసు బావా. ఇంటికాడ అలవాటు సేసుకోకపోతే షూటింగుకాడ దొంగ వేషంలాగ కనిపిస్తాది” అన్నారు. ఆయనకు వీధిలో అందరూ బావలే.

అప్పటికి మా అమ్మాయి ఇంటర్ లెక్కల్లో తప్పి, అన్నం మానేసి కూర్చుంది. నాకు తెలిసిన పెద్ద చదువు మనిషి టీవీలో ఈయనొక్కరే. వేషం వేసినవాడికి ఆ చదువు కూడా ఉంటుందనుకున్నాను. నవ్వుకోండి, నాకు తోచింది అంతే. పిల్లకు నాలుగు లెక్కలు చెప్పమని బతిమాలాను. ఆయన నా మొహం చూసి, సరే పంపమన్నారు.

నెల గడిచాక ఒక సాయంత్రం జామపళ్లు పట్టుకుని వెళ్లాను. గోడ మీద సుద్దముక్కతో లెక్క చేస్తున్నది మా అమ్మాయి. పీట మీద కూర్చుని వింటున్నది ఆయన. నాకు ఒళ్లు మండింది. మీరు చెప్పాలి గానీ ఇదేమిటని అడిగేశాను. ఆయన లేచి నిలబడ్డారు.

“నాకేటీ రాదు బావా. పదో తరగతి తప్పినోడిని. నువ్వంత నమ్మకంగా అడిగితే సెప్పడానికి నోరు రానేదు.”

మా అమ్మాయి సుద్దముక్క దించలేదు. “నానా, నువ్వు కూకో. ఈయనకి బోదపడేదాకా సెప్తంటే నాకే వచ్చీస్తన్నాది” అంది.

అలా వచ్చాయి నా కూతురికి లెక్కలు. బోదపడనేదమ్మా, మళ్లీ సెప్పు అని ఆయన ఎన్ని వందల సార్లు అన్నారో. విసుక్కోవడం గానీ, అర్థమైనట్టు నటించడం గానీ ఎరగరు. నటన షూటింగుకే, పిల్ల దగ్గర కాదు అనేవారు. డిగ్రీ, ఆ పైన పీజీ, అన్నీ ఆ గోడ మీదే నడిచాయి.

ఈ మధ్య ఊపిరితిత్తులు పాడై, మేనల్లుడి ఊరు వెళ్లి అక్కడే మంచం పట్టారు. పది రోజుల కిందట చూడబోతే పాప సంగతేటని అడిగారు. మా అమ్మాయి పేరు ఉద్యోగానికి ఎంపికైనవాళ్ల జాబితాలో ఉందని నాకు అప్పటికే తెలుసు. కాగితం వచ్చాక ఆయన చేతిలో పెట్టి ఆ మొహం చూడాలని నా ఆశ. ఇంకా ఏమీ తెలియలేదని, లోపల నవ్వుకుంటూ అబద్ధం చెప్పాను.

“వస్తాది బావా. మొదటి క్లాసుకి నేనూ వస్తాను. ముందు బెంచీలో కూకుని, బోదపడనేదని సెయ్యెత్తుతాను” అన్నారు.

ఒక్క మాట. నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట దాచి నేను బావుకున్నదేమిటి?

మేము వెళ్లేసరికి ఆయనకు నేను కుట్టిన కోటే తొడిగి పడుకోబెట్టారు. ఎవరో గుండీలన్నీ చక్కగా పెట్టారు. మా అమ్మాయి పక్కన కూర్చుని అన్నీ విప్పి, ఒక కాజా తప్పించి మళ్లీ పెట్టింది. కాగితం నా జేబులోనే చెమటకు తడిసిపోయింది.

నిన్న సాయంత్రం సీరియల్ మొదట్లో, ఇకపై ప్రొఫెసర్ పాత్రలో వేరొకరు కనిపిస్తారని అక్షరాలు వేశారు. పోయినాయన గురించి ఒక్క ముక్క లేదు. కొత్తాయన వచ్చాడు. కళ్లజోడు నెత్తిమీదే ఉంది. కోటు కూడా అలాంటిదే. గుండీలు మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయి.