బుంగలో నీళ్ళు రంగు మారిన మధ్యాహ్నం

మొన్న న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి అపార్ట్‌మెంట్ ముందు, పార్కింగ్ లాట్ అంచుల్లో నల్లబడి ఇంకా కరగకుండా మిగిలిన మంచు గుట్టల మీద వాన మొదలైంది. మా మనవరాలు కిటికీ దగ్గర నిలబడి, తనకొచ్చిన తెలుగులో, వాన చాలా బాగుంది అమ్మమ్మా అంది. నా వయసు వాళ్ళకి వాన చూస్తే ఉల్లిపాయ పకోడీలో, బడికి సెలవిచ్చిన రోజులో గుర్తుకు రావడం సహజం. నాకు మాత్రం మంచు మీద వాన పడుతోందంటే, కింద నేల కరిగిందా, ఇంకా గడ్డకట్టే ఉందా అన్న ఆలోచన ముందొస్తుంది. పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయినా అది పోలేదు.

నేను బాపట్లలో వ్యవసాయం చదువుకుని, పెళ్ళయ్యాక మావారితో ఈ దేశం వచ్చి, పాతికేళ్ళకు పైగా అయోవాలో రైతుల సహకార సంఘం వారి ల్యాబ్‌లో మట్టి పరీక్షలు చేశాను. మావారికి అక్కడే ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం. కందిపప్పు కావాలంటే మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాల్సిన ఊళ్ళో, చీర మీద కోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు, చేతిలో మట్టి తీసే ఇనప గొట్టంతో పొలాలమ్మట తిరిగే నన్ను చూసి మొదట్లో రైతులు నవ్వుకున్న మాట నిజమే గాని, తర్వాత తర్వాత నేను వచ్చి నేల చూసి చెప్పందే విత్తనాలు దించని వాళ్ళు కూడా తయారయ్యారు.

అలాంటి వాళ్ళలో నదికి అవతలి గట్టున, కరకట్ట పక్కనే పొలం ఉన్న ఒక పెద్దాయన, ఆయన భార్య ఉండేవారు. పిల్లలు దూరాన స్థిరపడ్డారు. డెబ్భై దాటినా ఆయనే దున్నేవాడు. ఆ పెద్దావిడ తన పెరట్లో నాకు రెండు సాళ్ళు ఇచ్చి ఏమైనా వేసుకోమంటే గోంగూర వేశాను. ఆ నల్లమట్టిలో అది మనిషెత్తు పెరిగితే, ఆవిడ ఆకు కొరికి మొహం చిట్లించి, తర్వాత ఏ యేటికా యేడు తనే విత్తనం దాచి పెట్టేది. నేను డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా పెద్దాయన నన్ను డాక్టర్ అనే పిలిచేవాడు.

రెండువేల ఎనిమిది అది. ముందు చలికాలంలో మంచు మీద మంచు పడింది. మామూలుగా మధ్యమధ్య ఎండ కాసి కొంత కరిగి ఇంకుతుంది, ఆ యేడు అలా కరగలేదు. కింద నేల రాయిలా బిగుసుకుని ఉండగానే మార్చిలో పైన వానలు పట్టుకున్నాయి. ఏప్రిల్ అంతా చలి, మబ్బు. అక్కడి పొలాల కింద ఎక్కువైన నీటిని బయటికి పంపే పైపులు వేస్తారు. అవి మామూలుగా వసంతంలో కొన్నాళ్ళు పారి ఆగిపోవాలి, ఆ యేడు మే నెలాఖరుకి కూడా నిండుగా పారుతూనే ఉన్నాయి. మొక్కజొన్న ఆలస్యంగా వేశారు. జూన్ వచ్చేసరికి మోకాలెత్తు ఉండి నేలలో తడినంతా తాగాల్సిన పైరు, జానెడు కూడా లేక పసుపు పచ్చగా వణుకుతూ నిలబడింది. నేను గొట్టం దింపి పైకి తీస్తే, అడుగు తీసి అడుగు వేసేలోగా ఆ కన్నంలో నీళ్ళు ఊరేవి. నిండుకుండ తొణకదంటారు మనవాళ్ళు. నిండుకుండలో ఇంకో చెంబెడు పోస్తే పొర్లక ఏం చేస్తుంది?

ఆ చెంబులు జూన్ మొదటి వారంలో వచ్చాయి. రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి, ఎగువన ఒకే దారి పట్టి ఉరుములతో వానలు. పడ్డ చుక్క పడ్డట్టు నేల మీంచి కాలువల్లోకి, కాలువల్లోంచి నదిలోకి. ఎగువ నీళ్ళు మా దాకా రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది కనక, శుక్రవారానికి నది గరిష్ఠానికి వస్తుందని రేడియోలో చెప్పారు. ఊరివాళ్ళందరికీ ఒకటే కొలత, తొంభైమూడు వరద. ఆ యేడు నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పెద్దాయన తన కట్ట మీది స్తంభానికి ఎర్రరంగుతో గీత గీసి పెట్టుకున్నాడు. అప్పుడే తెగని కట్ట ఇప్పుడెందుకు తెగుతుందన్నది ఆయన ధీమా. పైగా ఆ పెద్దావిడకు తుంటి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు, వాకర్ పట్టుకుని వంటింటి దాకా నడవడమే కష్టంగా ఉండేది. ఆవిడని కదిలించడం ఆయనకి ఇష్టం లేదు.

మంగళవారం పొద్దున నేను వెళ్ళేసరికి నది ఎర్రగీతకి జానెడు కింద ఉంది. నన్ను భయపెట్టింది నది కాదు. కట్టకి ఇవతల, పొలం వైపు, నేలలోంచి నీళ్ళు బుడబుడమని ఊటలా పైకి వస్తున్నాయి. మన చెరువు కట్టలకి పడే బుంగ లాంటిదే. ఆయనా, పక్క పొలాల వాళ్ళిద్దరూ ఇసుక బస్తాలు దాని చుట్టూ బావి గట్టులా పేరుస్తున్నారు. ఊట నీళ్ళు తేటగా ఉంటే నది కట్ట కింద నుంచి ఊరికే ఊరుతున్నట్టు. బురదగా వస్తే కట్ట లోపల మట్టిని కొరుక్కుంటూ వస్తున్నట్టు. నేను వంటింట్లోంచి గాజుగ్లాసు తెచ్చి ముంచి వెలుతురుకి ఎత్తి చూశాను. తేటగా ఉంది. చూస్తూ ఉండండి, శుక్రవారం దాకా టైముంది, రేపు నెమ్మదిగా సామాను సర్దుకోవచ్చు అన్నాను. పెద్దావిడ మొహం తేటపడింది. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం ఇంటికి బయల్దేరాక, బ్రిడ్జికి రెండు మైళ్ళ ఇవతల, రోడ్డు పక్క కాలువలో ఒక చెక్కముక్క కొట్టుకుపోతూ కనిపించింది. నదివైపు కాదు, పొలాల వైపు. ఆ కాలువ నదిలో కలవాల్సింది. నదే కాలువలోకి ఎదురెక్కుతోంది. కారు పక్కకు తీసి ఆపాను. అంటే నది పొద్దుటికంటే బాగా పెరిగింది, అంత నీటి బరువు కట్ట మీద పొద్దున లేదు. అప్పుడే మావారు ఫోన్ చేశారు.

“ఎక్కడున్నావ్? బ్రిడ్జి ఐదింటికి క్లోజ్ చేస్తారట. ఎక్కడా ఆగకుండా దాటి వచ్చెయ్.”

“నేను వెనక్కి వెళ్తున్నానండీ. పొద్దున వాళ్ళకి శుక్రవారం దాకా టైముందని చెప్పొచ్చాను. ఇప్పుడు నాకే నమ్మకంగా లేదు.”

ఆయన కోప్పడతారనుకున్నాను.

“కార్‌లో గ్యాస్ ఉందా?” అన్నారు.

పెట్రోలు ఉందని చెప్పి కారు తిప్పాను. ఎదురుగా వచ్చే కార్లన్నీ బ్రిడ్జి వైపు పోతున్నాయి. ఆ దారిలో వెనక్కి పోతున్నదాన్ని నేనొక్కదాన్నే. చిన్నప్పటి ఆంజనేయ దండకం సగంలో మర్చిపోయి మళ్ళీ మొదట్నుంచి చదువుకోవడం నాకు ఇప్పటికీ గుర్తే.

నేను వెళ్ళేసరికి బస్తాల గట్టు మధ్య నీళ్ళు పాలెక్కువైన కాఫీ రంగులో ఉన్నాయి. పక్క పొలాల వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. పెద్దాయన ఒక్కడే బస్తా మీద బస్తా వేస్తున్నాడు. వెళ్ళిపోదామన్నాను. ఆయన తల కూడా ఎత్తకుండా, శుక్రవారం అన్నావుగా అన్నాడు. తొంభైమూడులో కూడా ఇలాగే భయపెట్టారన్నాడు. నాకు వాదించడం చేతకాదు.

“పొద్దున నేను చెప్పింది తప్పు,” అన్నాను. “మీరు ఇంకా ఇక్కడున్నారంటే నా మాట మీదే ఉన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే వచ్చాను.”

ఆయన బస్తా దించాడు. వంగి, ఊటలో చెయ్యి పెట్టి, అడుగున పేరుకున్న మట్టిని వేళ్ళ మధ్య రాసి చూసుకున్నాడు. ఆయన పొలం నలుపు. ఆ చేతికొచ్చిన బంకమన్ను పసుపు.

“ఇది నా పొలం మట్టి కాదు డాక్టర్,” అన్నాడు మెల్లగా. “ఇది కట్ట మట్టి. మా నాన్న, నేను గుర్రబ్బండితో తెచ్చి పోసింది.”

వెంటనే ఇంట్లోకి పోయి భార్యని పసిపిల్లలా రెండు చేతులతో ఎత్తుకొచ్చి నా కారు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ మందులడబ్బా, వాకర్ తప్ప ఇంకేం తేలేదు. ఫోటోలు అంటూ ఆవిడ కిటికీలోంచి ఇంటివైపు చెయ్యి చూపిస్తూనే ఉంది. ఆయన పశువుల గేటు తీసి, పది ఆవుల్ని ట్రక్కుతో అదిలిస్తూ గుట్ట రోడ్డు ఎక్కించాడు. బ్రిడ్జి మాట వదిలేసి, ఆ వెనకే నేను. ఆవులు ఎప్పుడూ నడిచే నడకే నడుస్తుంటే, కారు మీద వాన, వెనక సీట్లో ఆవిడ ఉలుకూ పలుకూ లేని ఏడుపు. ఆ మైలు దూరం అంత పొడుగు దారి నేను జీవితంలో ఎక్కలేదు.

గుట్ట మీద చర్చి ముందు దిగి వెనక్కి తిరిగి చూసిన కాసేపటికి కట్ట మధ్యలో కొంత మేర కుంగింది. పెద్ద చప్పుడేదీ రాలేదు. గోధుమరంగు నీళ్ళు పైరు మీద దుప్పటి పరిచినట్టు పరుచుకుంటూ వచ్చి, పెరడు దాటి, వరండా ఎక్కి, చూస్తుండగానే కింది కిటికీలు మునిగిపోయాయి. పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

నాలుగు రోజులు ఆ చర్చి హాల్లో మడత మంచాల మీద ఉన్నాం. నది ఆవలి గట్టున మావారు, ఇవతల నేను, రోజుకి రెండుసార్లు ఫోన్లు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా. కానీ మూడో రోజు, నేను పెద్దావిడ జుట్టు దువ్వుతుంటే, ఆవిడ నా వైపు తిరక్కుండానే, “పొద్దున్నే వెళ్ళమని చెప్పి ఉంటే...” అని ఆగిపోయింది. ఆమె తల్లి కుట్టుమిషను, పిల్లల ఫోటోలు, పెళ్ళినాటి బొంతలు అన్నీ ఆ పూటలో సర్దుకోగలిగినవే. నేను దువ్వుతూనే ఉన్నాను. ఆవిడ ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

వాళ్ళు మళ్ళీ అక్కడ ఇల్లు కట్టలేదు. ఆ పల్లపు పొలాలు ప్రభుత్వం తీసుకుని బీడుగా వదిలేస్తే, రెల్లు మొలిచి కొంగలు చేరాయి. భార్యాభర్తలిద్దరూ ఊళ్ళో మెరక మీద అపార్ట్‌మెంట్‌కి మారారు. మేం న్యూజెర్సీ వచ్చేశాక కూడా నెలకోసారి పెద్దాయన ఫోన్ చేసేవాడు. పిల్లల సంగతి, ఆరోగ్యం సంగతి అన్నీ అయ్యాక, అక్కడ నేల ఎలా ఉంది డాక్టర్ అని అడిగేవాడు. అపార్ట్‌మెంట్ మెట్లు దిగి, గడ్డిలో మడమ నొక్కి చూసి, తడిగానే ఉందనో, బాగా ఆరిందనో చెప్పేదాన్ని. ఆయన తృప్తిగా ఊఁ అనేవాడు.

ముందు ఆయన, తర్వాత రెండేళ్ళకి ఆవిడ పోయారు. ఇప్పుడు అక్కడ నేల తడి ఎంతో ఉపగ్రహాలు చూసి చెబుతాయట, నది ఎత్తు గంటగంటకీ ఫోన్లో కనిపిస్తుందట. మంచిదే, ఆ పూట అలాంటిది ఉండి ఉంటే ఆవిడ ఫోటోలు దక్కేవి. వాన వెలిశాక ఇప్పటికీ కిందికి దిగి గడ్డిలో మడమ నొక్కి చూస్తాను. నేల ఎలా ఉందని మాత్రం నన్నెవరూ అడగరు.