దురద లేని చేతులు

మా కుట్టు షెడ్డులో కాజాలక్క పద్దెనిమిదేళ్లు చొక్కాలకు కాజాలు కుట్టింది. ఆమె కుట్టిన కాజా బాగాలేదని ఒక్క చొక్కా కూడా వెనక్కి రాలేదు. కీళ్లు పట్టేస్తే మందుల షాపువాడిచ్చిన చిన్న తెల్లమాత్రలు రెండు మింగి మళ్లీ సూది పట్టేది. నాలుగేళ్లుగా అవే మాత్రలు. మొహం ఉబ్బింది. వేళ్ల మీద చర్మం బూడిద రంగుకు తిరిగి పెచ్చులు కట్టింది. అడిగితే, "సూది పట్టీ పట్టీ మొద్దుబారిందిలే" అనేది.

షెడ్డు వెనక గదిలో ఆమె, ఆమె చెల్లెలు ఒకే పరుపు మీద పడుకునేవారు. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది అక్కే. చెల్లెలు ఇస్త్రీబల్ల దగ్గర పనిచేసేది.

గోకుడు మొదలైంది ఆ చెల్లెలికే. ముందు వేళ్ల సందుల్లో, తర్వాత నడుం చుట్టూ. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ గోక్కునేది. ఒకరోజు తెల్లచొక్కా మీద రక్తపు చుక్క పడింది. మేస్త్రి దాన్ని ఎత్తిపట్టుకుని అందరికీ చూపించాడు. ఆ రోజు నుంచి మేం ఆమెను 'గోకుళ్లు' అని పిలిచాం. నేనూ పిలిచాను, నవ్వాను కూడా.

అందరికంటే ఎక్కువ వేధించింది అక్కే.

"నీ పక్కనే పడుకుంటున్నా కదే, నాకెందుకు రాలేదు? ఎక్కడ తిరిగి తెచ్చుకున్నావో చెప్పు!"

"నేనెక్కడికెళ్లానక్కా? షెడ్డు, గది. అంతేగా."

ఒక ఆదివారం అక్క నేల కడిగే బ్లీచింగ్ కలిపిన నీళ్లతో, పీచుతో చెల్లెలి ఒళ్లంతా తోమింది. అరుపులు మాకు వినబడుతూనే ఉన్నాయి. "పోనీలే, వదిలిపోతుంది" అనుకున్నాం. మర్నాడు వీపు మీద తోలు ఊడింది. రెండోరోజు యజమాని ఆమెను పనిలోంచి తీసేశాడు. అక్క ఆమె బట్టల మూట గేటు బయట పెట్టి తలుపేసుకుంది. ఆ పిల్ల ఒక హోటల్లో గిన్నెలు తోమడానికి కుదిరింది. గోక్కుంటుంటే చూసి నాలుగోరోజు వాళ్లూ పొమ్మన్నారు.

చెల్లెలు వెళ్లిన రెండు నెలలకు మాలో పదకొండుమందిమి గోక్కుంటున్నాం. యజమాని డాక్టరును పిలిపించాడు. ఆయన అందరి చేతులూ చూశాడు. కాజాలక్క దూరంగా నిలబడింది.

"నాకేం లేదండీ. నాకు శుభ్రం ఎక్కువ."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, ఒక పెచ్చు గీకి తీసుకెళ్లాడు. చెల్లెలి సంగతి మేం చెప్తే విని వెళ్లి, సాయంత్రం మళ్లీ వచ్చాడు.

"ఇది గజ్జే. దురద పుట్టించేది గజ్జి పురుగుల మీద ఒంటి పోరాటం. మీ చెల్లెలి మీద మహా అయితే పదిహేను పురుగులుండేవి. ఆమె ఒళ్లు వాటిని పెరగనివ్వలేదు. మీరు మింగిన మాత్రలు మీ ఒంట్లో ఆ పోరాటాన్ని అణిచేశాయి. దురదా లేదు, అడ్డూ లేదు. మీ చేతుల మీద లక్షలున్నాయి. అందరికీ అంటింది మీ నుంచే."

మర్నాటికి ఆమె పరుపు, పీట, సూదుల డబ్బా గేటు అవతల పడున్నాయి. విసిరినవాళ్లలో నేనూ ఉన్నాను. పెచ్చుల పగుళ్లు చీము పట్టి, జ్వరంతో ఆమె ఆసుపత్రిలో పడింది. మేమెవ్వరమూ వెళ్లలేదు. కబురు అంది వచ్చింది చెల్లెలే. బయట వేరే డాక్టరు ఇచ్చిన మందుతో అప్పటికి చెల్లెలి దురద తగ్గింది. చేతులకు తొడుగులు వేసుకుని, నెలరోజులు అక్కకు మందు రాసింది. డాక్టర్లు ఆ తెల్లమాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చారు.

ఒళ్లు మేలుకుంది. దురదా వచ్చింది. అక్క గోక్కోకుండా నర్సులు ఆమె చేతులు మంచానికి కట్టారు. అక్క తల అటూ ఇటూ కొట్టుకుంటూ ఏడ్చింది.

"నీకూ ఇట్లాగే ఉండేదా?"

"ఆరు నెలలు."

"ఒక్కసారి గోకవే తల్లీ. నీ కాళ్లు మొక్కుతా."

చెల్లెలు మందు మూత బిగించి, తొడుగులు విప్పి బుట్టలో పడేసింది. ఆ రోజు వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు.

కాజాలక్క బతికింది. చర్మం నున్నగా వచ్చింది. మా షెడ్డులో మాత్రం ఎవరూ పక్కన కూర్చోనివ్వలేదు. యజమాని కాజాల మిషను కొన్నాడు.